మూసినప్పుడు వెలిగే దీపం

మా అన్నయ్యను నరకానికి పంపిన రోజు నుంచి మొదలుపెడితేనే ఈ లెక్క సరిగ్గా తేలుతుంది. ఇంతవరకు చదివినవాళ్ళు విసుక్కోకండి. కొత్తగా చేరినవాళ్ళు దారి తప్పకూడదు కదా.

అన్నయ్య మైకు సెట్ల మనిషి. ఎవరింట్లో పెళ్ళయినా, ఎక్కడ సభ జరిగినా స్తంభాలెక్కి లౌడ్‌స్పీకర్లు కట్టేది ఆయనే. అందుకని ఊరందరికీ మైకన్న. మా ప్రార్థన మందిరంలో వైర్లన్నీ ఆయన లాగినవే. ప్రార్థన మొదలయ్యేదాకా లోపల నిచ్చెన మీద ఉండేవాడు. మొదలు కాగానే బయటికొచ్చి మెట్టు మీద కూర్చునేవాడు.

"లోపలికి రారా, ఒక్కసారి రారా" అని అమ్మ బతిమాలేది.

"నాకు నమ్మకం లేదమ్మా. నమ్మకం లేకుండా వచ్చి కూర్చుంటే నీ దేవుడికే అవమానం" అనేవాడు.

అలాగని మెట్టు మీద ఊరికే కూర్చోలేదు. ముసలివాళ్ళని చెయ్యి పట్టుకుని ఎక్కించేవాడు. ఏడ్చే పిల్లల్ని ఎత్తుకుని తిప్పేవాడు, తల్లులు లోపల నిశ్చింతగా కళ్ళు మూసుకునేవాళ్ళు. అంటుజ్వరం వచ్చిన ఏడాది సొంత కొడుకులే శవాల దగ్గరికి రావడానికి జంకితే, తన బండిలోంచి స్పీకర్లు దించేసి ఆ శవాల్ని మోసుకెళ్ళింది మైకన్నే.

అలాంటివాడు జబ్బుచేసి పోతే, అంత్యక్రియల రోజున గురువుగారు మైకు ముందు నిలబడి ఏమన్నారో ఊరంతా విన్నది.

"మైకన్న మంచివాడే, కాదనను. కానీ మంచితనం వేరు, ముద్ర వేరు. మన షావుకారు తన కొట్లోకి ముద్ర లేని బస్తాని రానిస్తాడా? లోపల గింజ ఎంత మంచిదైనా సరే, గుమ్మం దగ్గరే ఆపేస్తాడు. స్వర్గం గుమ్మం దగ్గరా అంతే. నమ్మకమే ఆ ముద్ర. అది లేనివాడికి దారి రెండోవైపే."

ఆ షావుకారుని నేనే. పప్పుదినుసుల టోకు వ్యాపారం నాది. ముద్ర సంగతి ఎప్పుడో టీ తాగుతూ నేనే ఆయనకి చెప్పాను. అంటే అన్నయ్య బిగించిన మైకులోంచి, నా నోట్లోంచి వచ్చిన మాటతో, మా అమ్మ కళ్ళముందు, నా అన్నని నరకంలోకి నెట్టాడాయన. నేను బతుకులో చాలామంది మోసగాళ్ళని చూశాను. నా తరాజుతోనే నన్ను తూచి ముంచినవాడు ఈయనొక్కడే.

అమ్మ ఆ రోజు ఏడవలేదు. వారం గడిచాక పక్కింటివాళ్ళ గిన్నె ఒకటి మా అటక మీద కనిపించింది. తర్వాత వదిన దువ్వెన పోయింది, అది అమ్మ దిండు కింద దొరికింది. ఆ వదిన మీదే చాడీలు చెప్పింది, అవీ అతకని చాడీలు. చివరికి గుండెకి ఇచ్చిన మందు కిటికీలోంచి పారబోస్తూ నాకు దొరికిపోయింది.

"ఏంటమ్మా ఇది?"

"పాపాలు చేసుకుంటున్నానురా చిన్నోడా. ఇప్పటిదాకా ఒక్కటీ సరిగ్గా చెయ్యలేదు. ఇలాగే పోతే నన్ను స్వర్గానికి పంపేస్తారేమోనని భయంగా ఉంది. అక్కడ మీ అన్నయ్య ఉండడుగా."

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగింది. గురువుగారి దగ్గరికి వెళ్ళి మర్యాదగానే అడిగాను. మీరన్న మాట వెనక్కి తీసుకోండి, మా అమ్మ మందు మింగడం లేదు అన్నాను. "ఒక్క మాట వెనక్కి తీసుకుంటే రేపు నా ఏ మాట నిలబడుతుంది షావుకారూ?" అన్నాడాయన. ఆ మాటతో నాకూ ఆయనకీ మర్యాద బేరం ముగిసింది. మైకన్న జ్ఞాపకార్థం మందిరానికి కొత్త మైకు సెట్టు ఇస్తానన్నాను. గురువుగారు పొంగిపోయి నన్ను కౌగిలించుకున్నారు.

ఆ కౌగిలి దగ్గర పోయిన వారం ఆపాను. ఇప్పుడు ఆ బహుమతి ఎందుకిచ్చానో చెబుతాను.

మందిరం పక్కన గురువుగారికి ఒక చిన్న గది ఉంది. బల్ల, కుర్చీ, మంచినీళ్ళ గ్లాసు, గోడకి కొక్కెం, దానికి ఆయన శాలువా. ప్రార్థనకి ముందు అక్కడ కూర్చుని, లోపలికి వచ్చి కూర్చోండి అనో, చెప్పులు వరసగా పెట్టండి అనో బల్ల మీది మైకులో చెబుతారు. అది హాల్లోనూ బయటి మెట్ల దగ్గరా వినిపిస్తుంది. హాల్లోని మోత మళ్ళీ ఈ మైకులో దూరితే కీచుమని చెవులు చిల్లులు పడతాయి. అందుకని అన్నయ్య ఆ గది తలుపుకీ గోడలకీ లోపలివైపు గోనెపట్టా దట్టంగా కొట్టాడు. నా కొట్టు గోనెలే. తలుపు మీద ఇప్పటికీ నా ముద్ర తలకిందులుగా కనిపిస్తుంది. తలుపు వేస్తే బయట ఏం మోగినా లోపలికి వినిపించదు.

పాత మైకుకి ఒక చిన్న ఆకుపచ్చ దీపం ఉండేది. లోకంలో ఏ మైకుకైనా బొత్తాం నొక్కి తెరిస్తే దీపం వెలుగుతుంది, మూస్తే ఆరుతుంది. అన్నయ్య మాత్రం తిరగేసి కలిపాడు. మూస్తే వెలిగేది, తెరిస్తే ఆరేది. ఎందుకురా ఈ ఎడ్డెం తెడ్డెం అంటే, "మాట్లాడేటప్పుడు మనిషికి మాట మీదే ధ్యాస తమ్ముడూ, దీపం వైపు చూడడు. మాట్లాడటం అయ్యాకే చూస్తాడు, మూసి ఉందా లేదా అని. మూసి ఉందని చెప్పడానికే వెలగాలి దీపం. నోరు మూసుకున్నవాడికే వెలుగు" అని నవ్వేవాడు. గురువుగారికి ఆ పద్ధతి ఎంత అలవాటైపోయిందంటే, వెలుగు కనిపిస్తే చాలు, ఆయన ఒళ్ళు సడలిపోయేది.

నేను కొన్నది బజార్లో అందరికీ అమ్మే మైకు. దానికి నేను చేసిన మార్పంటూ ఏమీ లేదు. తెరిస్తే వెలుగుతుంది, మూస్తే ఆరుతుంది. సరుకులో లోపం ఉంటే చెప్పడం నా వ్యాపారంలో నీతి. ఇందులో లోపమే లేదు. కాబట్టి నేనేమీ చెప్పలేదు.

కనిపెట్టింది వదిన ఒక్కతే. మైకువాడి పెళ్ళాం కదా. ప్రార్థన రోజు పొద్దున్నే అమ్మని తీసుకొచ్చి హాల్లో కూర్చోబెట్టి, నేను సెట్టు బిగించేవాళ్ళతో ఉంటే వచ్చి నిలబడింది. బల్ల మైకు బొత్తాం ఒకసారి నొక్కింది, మళ్ళీ నొక్కింది.

"ఇది మీ అన్నయ్య పద్ధతి కాదే. గురువుగారికి చెప్పావా?"

"చెబుతాలే వదినా."

"ఎప్పుడు? అయ్యాకా?"

నేను వైర్లు సర్దుతున్నట్టు తల వంచుకున్నాను. ఆమె కొంగు బొడ్డులో దోపుకుని నా ముందుకి వచ్చి నిలబడింది.

"చూడు మరిదీ. మీ అన్నయ్య మైకు కట్టింది ఒకళ్ళ గొంతు పదిమందికి వినిపించడానికి. మనిషిని దొంగతనంగా పట్టుకోవడానికి కాదు."

"ఆయన గొంతే వినిపిస్తుంది వదినా. ఒక్క ముక్క కలపను, ఒక్క ముక్క తియ్యను."

"అత్తయ్య కూడా వింటుంది, గుర్తుంచుకో."

"ఆవిడ వినాలనేగా ఇదంతా."

వదిన వెనక్కి తిరిగింది. పాత మైకు ఒక మూలన పడి ఉంటే దాన్ని తీసుకెళ్ళి, ఒళ్ళో పెట్టుకుని అమ్మ పక్కన కూర్చుంది. అన్నయ్య ఉంటే ఏమనేవాడో నాకూ తెలుసు. కానీ ఉన్నాడా? ఉంటే ఈ పని చెయ్యాల్సిన అవసరమే లేకపోయేదిగా.

హాలు నిండింది. నేను వెళ్ళి గురువుగారి గదిలో కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆయన శాలువా భుజాన వేసుకుంటూ వచ్చారు, తలుపు వేసుకున్నారు. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం నిండు కుండ.

"ఏం షావుకారూ, నీ చేత్తో మొదలుపెడతావా?"

"అయ్యో, మీ చెయ్యే పడాలండీ. నా చెయ్యి తూకాలకే పనికొస్తుంది."

ఆయన మైకు వైపు చూశారు. దీపం వెలగడం లేదు. తెరిచే ఉందనుకుని ముందుకి వంగి, "అందరూ లోపలికి వచ్చి కూర్చోండి. కాసేపట్లో మొదలుపెడదాం" అన్నారు. ఆ మాట ఈ గది దాటలేదు. అప్పుడు బొత్తాం నొక్కారు. ఆకుపచ్చ దీపం వెలిగింది. ఆయన తృప్తిగా వెనక్కి వాలారు.

తెరిచింది ఆయన వేలే. నేను ముట్టుకోలేదు.

"బాగుంది, బాగుంది. మైకన్న ఆత్మ..." అంటూ ఆగిపోయారు.

"చెప్పండి. ఆత్మ ఏమవుతుంది? శాంతిస్తుందా, కాలుతుందా?"

"మళ్ళీ అదేనా నాయనా?"

"మళ్ళీ అదే. చిన్న సందేహం, తీర్చండి చాలు. పిండిమిల్లు పెద్దాయన పోయిన రోజు మీరేమన్నారు?"

గురువుగారి చెయ్యి గ్లాసు వైపు వెళ్ళింది. "ఏదో అన్నాను. అంత్యక్రియల్లో సవాలక్ష అంటాం."

"నాకు గుర్తుంది, చెబుతా వినండి. 'దేవుడి మనసు కొలవడానికి మనమెవరం? ఆయన ఏ తలుపు ఎవరికి తెరుస్తాడో మనకి తెలియదు' అన్నారు. ఎంత బాగా అన్నారో! నేనే కళ్ళు తుడుచుకున్నాను. ఆ పెద్దాయన ఈ మందిరం గడప ఎన్నిసార్లు తొక్కాడండీ?"

"పెద్దగా రాలేదు."

"ప్రారంభోత్సవం ఫొటోకి వచ్చాడు. మళ్ళీ శవమై వచ్చాడు. దేవుడూ లేడు గీవుడూ లేడు అని మిల్లు అరుగు మీద కూర్చుని అందరి ముందూ అనేవాడు. ఆయనకీ ముద్ర లేదు, మా అన్నయ్యకీ ముద్ర లేదు. ఒకే రకం బస్తాలు. ఒకటి లోపలికి పోయింది, ఒకటి పొయ్యిలోకి పోయింది. నా కొట్లో నేనిలా తూచితే జనం నన్ను బజార్లో నిలబెట్టి కడిగేస్తారు. మీరు తూచితే కళ్ళు మూసుకుని అవునంటారు. ఎందుకు రెండు తూకాలు?"

"మెల్లగా మాట్లాడు."

"తలుపు వేసే ఉందిగా. గోనెలు నావే, ఎంత దట్టమో నాకు తెలుసు."

ఆయన ఒకసారి దీపం వైపు చూశారు. అది వెలుగుతూనే ఉంది. ఆయన భుజాలు కిందికి దిగాయి.

"షావుకారూ, నువ్వు లోకం తెలిసినవాడివి. ఆ పెద్దాయన కొడుకులు ముందు వరసలో కూర్చుని ఉన్నారు. మీ నాన్న నరకానికి పోయాడని వాళ్ళ మొహం మీద చెబితే మళ్ళీ ఇటు వస్తారా? వాళ్ళు రాకపోతే వాళ్ళ వెనక సగం ఊరు రాదు."

"మా అమ్మ కూడా ముందు వరసలోనే కూర్చుంది."

గురువుగారు శాలువా సర్దుకున్నారు.

"ఆవిడని చూసే అన్నారా, చూడకుండా అన్నారా?"

"చూశాను" అన్నారు.

ఆ ఒక్క మాట హాల్లో ఎలా పడి ఉంటుందో ఊహించుకున్నాను. ముందు వరసలో మిల్లువాళ్ళు, వాళ్ళ వెనక సగం ఊరు, అందరి తలల మీదుగా ఈయన నిండు గొంతు. నాలో ఏదో చల్లగా దిగింది. దాహం తీరడం అంటే ఇదే అనిపించింది. కానీ నాకు ఇంకా కావాలి.

"నువ్వు అనుకున్నంత తేలిక కాదు నాయనా" అన్నారాయన, ఈసారి కాస్త నిటారుగా కూర్చుని. "మంచితనం ఒక్కటే చాలు, నమ్మకం అక్కర్లేదు అని నేనే చెబితే ఇక ఈ తలుపులు ఎందుకు? ప్రతివాడూ నేను మంచివాడినే అనుకుంటాడు. పెళ్ళాన్ని కొట్టేవాడు కూడా అనుకుంటాడు. మనిషి తన మంచితనానికి తనే తూకం వేసుకుంటే ఏమవుతుందో నీకు తెలియదా? అందుకే పైవాడి ముందు తల వంచాలి అంటాం. తల వంచనివాడికి కూడా అదే చోటు అంటే, వంచినవాళ్ళు వెర్రివాళ్ళా?"

నిజం చెప్పాలి. ఆ మాటలో సరుకు ఉంది. ఎదుటివాడి సరుకు బాగుంటే లోపల ఒప్పుకుని పైకి పెదవి విరవడం నాకు అలవాటే. పెదవి విరిచాను.

"సరే. మీరు నా కొట్టు మాట వాడుకున్నారు. కానీ సగమే విన్నారు. ముద్ర లేని బస్తాని గుమ్మం దగ్గర ఆపుతాం, నిజమే. తిప్పి పంపం. తగలబెట్టం. పక్కన పెట్టిస్తాను. పనివాళ్ళంతా వెళ్ళాక నేనే కుట్టు విప్పి, మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగు గింజ తీసి చూస్తాను. పైన ముద్ర ఉన్న బస్తాల్లో అడుగున రాళ్ళు దొరికిన రోజులున్నాయి. ముద్ర లేని బస్తాలో కొట్టుకే గొప్ప గింజ దొరికిన రోజులున్నాయి. ఆ చూసే పని గుమ్మం దగ్గర మనిషికి ఎప్పుడూ వదల్లేదు. వాడి పని ఆపడం. తేల్చడం యజమాని పని."

బల్ల మీదికి వంగాను. నా గొంతూ హాల్లోకి పోతోందని తెలుసు. పోనీ.

"మీరు గుమ్మం దగ్గర మనిషి గురువుగారూ. యజమాని ఇంకా బస్తా విప్పనే లేదు, మీరు పొయ్యిలో వేసేశారు. ఇప్పుడు చెప్పండి. మా అన్నయ్య నరకంలో ఉన్నాడని మీకు తెలుసా?"

ఆయన గ్లాసు ఎత్తి, తాగకుండానే కింద పెట్టారు.

"తెలియదు."

"మళ్ళీ చెప్పండి."

"తెలియదు నాయనా. నాకు తెలియదు."

నేను కావాలనుకున్నది దొరికింది. అమ్మ వింది. ఇక లేచి, ఆ బొత్తాం నొక్కి, బయటికి వచ్చేస్తే చాలు. బేరం కుదిరాక నోరు మూసుకోవడం నాకున్న పెద్ద గుణం. కుదిరిన తర్వాత మాట్లాడిన ప్రతి మాటా మనకి నష్టమే. ఇది నేను మా కొట్లో అందరికీ చెబుతాను. ఆ రోజు నాకే గుర్తు లేకపోయింది. గెలిచానన్న మత్తు ఎక్కింది. ఆ మనిషి ఇంకా కిందికి దిగాలి. మోకాళ్ళ మీద పడాలి. నాకది చూడాలని ఉంది.

"తెలియనప్పుడు మరి ఎందుకన్నారు? ఒక ముసలితల్లి ప్రాణం మీదికి తెచ్చేంత కక్ష మీకు మైకన్న మీద ఏముంది?"

ఆయన నన్ను చూశారు. అంతసేపట్లో మొదటిసారి సరిగ్గా చూశారు.

"కక్షే. నువ్వు సరిగ్గానే పట్టుకున్నావు" అన్నారు. "అంటుజ్వరం వచ్చిన ఏడాది నా భార్య పోయింది, నీకు తెలుసుగా. ఆవిడ లోపల గదిలో ఉంది. నేను గది బయట నిలబడి ప్రార్థన చేస్తున్నాను. లోపలికి వెళ్ళలేదు. భయం. నన్ను పేరుపెట్టి పిలిచింది, అయినా వెళ్ళలేదు. మీ అన్నయ్య వచ్చాడు. నన్ను పక్కకి జరిపి లోపలికి వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. పోయాక మోసుకెళ్ళాడు. నన్ను ఒక్క మాట అనలేదు."

నాకు ఈ సంగతి తెలియదు. అన్నయ్య చెప్పలేదు.

"ఆ రోజు నుంచి షావుకారూ, నేను ప్రార్థనలో పిలుస్తుంటే అవతల ఎవరూ లేరు. ముందు అలసట అనుకున్నాను. తర్వాత పరీక్ష అనుకున్నాను. లేదు. అది ఖాళీ గది. నేను రోజూ ఆ ఖాళీ గది ముందు నిలబడి ఊరందరి తరఫునా మాట్లాడుతున్నాను. మైకులో."

 నేను తవ్వింది ఇంత లోతుకి కాదు. నాకు కావాల్సింది ఆయన పరువు. ఇప్పుడు బయటికి పోతున్నది అమ్మ దేవుడు. పొద్దున లేస్తే పడుకునేదాకా ఆవిడ బతుకంతా ఆనుకున్న గోడ. దాన్ని అంతగా నమ్మింది కాబట్టే కదా గిన్నె దొంగిలించింది. నా చెయ్యి బల్ల మీద మైకు వైపు జరిగింది. బొత్తాం నొక్కితే దీపం ఆరుతుంది. ఆరితే తెరిచాననుకుంటారు, నోరు మూస్తారు. అది నాకు కావాలి. కానీ అన్నయ్య సంగతి ఇంకా మిగిలే ఉంది. ఒక్క మాట, ఇంకొక్క మాట విని నొక్కుదాం అనుకున్నాను.

"మైకన్నకి తెలుసు" అన్నారు గురువుగారు. "ఒకరోజు ఈ గదిలోనే, ఈ గోనెలు కొడుతూ, నోట్లో మేకులు పెట్టుకుని అడిగాడు. 'మీకూ నమ్మకం లేదు కదండీ' అని. నేను అవునన్నాను. 'మరి ఎలా చెబుతారు రోజూ' అన్నాడు. బతుకు నాయనా, ఇంకేం పని చేతనవును నాకు అన్నాను. సరే అని మళ్ళీ మేకు కొట్టుకున్నాడు. ఎవ్వరికీ చెప్పలేదు. మీ వదినకి కూడా చెప్పి ఉండడు. నాకు నమ్మకం లేదు, నేను లోపల కూర్చున్నాను. ఆయనకీ లేదు, లేదని చెప్పి బయట మెట్టు మీద కూర్చున్నాడు. ప్రతి వారం ఆ మెట్టు దాటుకుని నేను లోపలికి రావాలి. ఊహించుకో."

ఆయన గొంతు వణికింది. ఆ గొంతు వణకడం ఊళ్ళో ఎవరూ ఎప్పుడూ విని ఉండరు.

"అంత్యక్రియల రోజు మైకు ముందు నిలబడితే నాకొక్కటే అనిపించింది. ఆ మనిషిని దేవుడు లోపలికి రానిస్తే, నేనెక్కడికి పోవాలి? ఆయన నరకంలో ఉంటేనే నాకు కాస్త ఊపిరి. అందుకే అన్నాను. మీ అమ్మ మొహం చూస్తూనే అన్నాను."

నా వేలు బొత్తాం మీద ఆనింది. నొక్కాలి. నొక్కలేదు.

"అన్నయ్య చివరి రోజున మా ఇంటికి వచ్చారుగా. అన్నయ్య గదిలో తలుపు వేసుకుని ఏం మాట్లాడారు?"

"నేనే అడిగాను. నమ్ముతున్నానని ఒక్క మాట అను, మీ అమ్మ కోసం, అబద్ధమైనా సరే అన్నాను. నేను ఇన్నేళ్ళూ అనడం లేదా? ఆయన నవ్వాడు. దొంగముద్ర వద్దండీ అన్నాడు. తర్వాత నన్ను దగ్గరికి రమ్మని..."

తలుపు తెరుచుకుంది.

గదిలోకి కీచుమని ఒక మోత దూసుకొచ్చింది. మైకులోంచి హాల్లోకి, హాల్లోంచి మళ్ళీ మైకులోకి. గురువుగారు రెండు చెవులూ మూసుకున్నారు. ఆ మోతకి అర్థం ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. తెరిచిన మైకు ఒక్కటే అలా అరుస్తుంది. ఆయన కళ్ళు ఆకుపచ్చ దీపం మీద ఆగాయి. తర్వాత నా వేలి మీద. తర్వాత నా మొహం మీద.  ఆయన మొహంలో రంగంతా పోయింది.

గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. ఒక చెయ్యి గోనె మీద ఆనించి, నా తలకిందుల ముద్ర మీద. వెనక వదిన, చంకలో పాత మైకు. వదిన లోపలికి వచ్చి తలుపు వేసింది. మోత ఠక్కున ఆగింది.

"అమ్మా, నువ్వు వెళ్ళి కూర్చో. నేను..."

"నొక్కకు. తెరిచే ఉంచు."

గురువుగారు లేచి నిలబడ్డారు. చేతులు జోడించబోయారు, చేతులు కలవలేదు.

"కూర్చోండి గురువుగారూ. మీరు నిలబడితే నాకు మాట రాదు" అంది అమ్మ. ఎప్పటిలాగే, అదే గౌరవంతో. తర్వాత మెల్లగా బల్ల దగ్గరికి వచ్చి, మైకుని తనవైపు తిప్పుకుంది. "కోడలా, ఇది వినబడుతోందా?"

వదిన వంగి చూసింది. "వెలుగుతోంది అత్తయ్యా. తెరిచే ఉంది."

"చిన్నోడా" అంది అమ్మ. మైకు చూసి కాదు, నన్ను చూసి. ఆ గొంతు హాలంతా పరుచుకుంటోందని నాకు తెలుసు. "ఈయన వెళ్ళిపోయాక మీ అన్నయ్య నన్ను పిలిచాడు. 'నన్ను నరకానికి పంపుతాడమ్మా, పంపనీ. ఆయన భయం ఆయనది. నాకు దిగుల్లేదు. కానీ తమ్ముడు ఊరుకోడు. వాడు ఈయన పరువు తీసే రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు నువ్వు అడ్డం నిలబడు' అన్నాడు. నేను నిలబడలేకపోయాను. ఇదంతా వినేదాకా నాకు కాళ్ళు రాలేదు."

"అమ్మా, ఈయన నీకు చేసింది మర్చిపోయావా?"

"మర్చిపోలేదు. అడ్డం నిలబడమంటే నేనూ అదే అడిగాను, ఎందుకురా అని. ఎందుకో చెప్పాడు. ఈ గురువుగారి గురించి కాదు." అమ్మ ఒక్క క్షణం ఆగింది. నన్ను ఇంట్లో ఎప్పుడూ పిలవని పేరుతో పిలిచింది. "నీ గురించి, షావుకారూ."

 గోనెల అవతల ఊరంతా వింటూ కూర్చుని ఉంది. వాళ్ళని అక్కడ కూర్చోబెట్టింది నేనే.

అమ్మ నా చేతి వైపు చూసింది.

"నీ వేలు ఇంకా బొత్తాం మీదే ఉంది. వాడన్నది చెప్పనా, మైకు ఆపేస్తావా?"